పదమూడక్షరాల మందు, ఒక్కక్షరం మందు: కావలిలో ఒక ఎండీఎస్ (ఎముక మూలుగ జబ్బు) కేసు

2024 నవంబరు రెండో వారం. ఓపీ అయిపోయే వేళకి కలిగిరి వైపు ఒక ఊరి నుంచి 68 ఏళ్ల పెద్దాయన్ని కొడుకూ కోడలూ చెరో రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. పొగాకు రైతు. మొన్నటి సీజన్ దాకా ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో పైకెక్కి కర్రలు అందుకున్న మనిషి, మా వరండా ముందున్న నాలుగు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. కింది రెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. కోడలి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగైదు చోట్ల రాయించుకున్న చీటీలు. పది బీ12 ఇంజెక్షన్లు అయ్యాయి, ఐరన్ ఎక్కించారు, టానిక్కులు రెండు రకాలు తాగించారు. కనిగిరి దగ్గర బంధువుల్లో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఉండటంతో ఇంట్లో అందరూ ఇదీ కిడ్నీయేనని లోలోపల నమ్మేసి ఉన్నారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1, బాగానే ఉందని చెప్పాక కొడుకు కుర్చీలో కూలబడి ‘అయితే ఇంకేంది సార్ మా నాయనకి?’ అన్నాడు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

హిమోగ్లోబిన్ 5.8. తెల్లకణాలు 3,400, అందులో ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్స్ 1,500. ప్లేట్‌లెట్లు 1,42,000. ఎర్రకణం సగటు సైజు చెప్పే ఎంసీవీ 109, అంటే కణాలు పెద్దవిగా ఉన్నాయి. థైరాయిడ్, లివర్ బాగానే ఉన్నాయి, హెచ్‌ఐవీ లేదు, కల్లు సారా అలవాటు లేదు. ఎంసీవీ అంత ఉంటే ముందు బీ12, ఫోలిక్ యాసిడ్ లోపమే గుర్తుకొస్తుంది, నాకూ అదే వచ్చింది. బీ12 లెవెల్ పంపితే చాలా ఎక్కువ వచ్చింది, పది ఇంజెక్షన్లు పడ్డ మనిషికి అలా రాక ఎలా వస్తుంది, ఆ రిపోర్టుకి అర్థమే లేదు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, ఫోలిక్ యాసిడ్ రాసి పంపాను. మూడు వారాల్లో మళ్లీ 6.1కి దిగి వచ్చారు. మళ్లీ రెండు యూనిట్లు. అప్పుడు గానీ నేను ల్యాబ్‌లోకి వెళ్లి స్మియర్, అంటే గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్క, మైక్రోస్కోపులో నా కళ్లతో నేను చూడలేదు. చూస్తే, రెండు గుండ్రటి అద్దాల్ని సన్నటి కడ్డీతో కలిపిన పాతకాలపు కళ్లజోడు ఉంటుందే, న్యూట్రోఫిల్స్ న్యూక్లియస్ అలా రెండే తమ్మెలుగా ఉంది, కణంలో ఉండాల్సిన నలుసులు కూడా లేక వెలవెలబోతోంది. ఇది విటమిన్ లోపం కాదని చెప్పడానికి ఆ ఒక్క స్లైడు చాలు. మొదటి రోజే చూసి ఉంటే ఆ వారాలు మిగిలేవి. ఈ ఆలస్యం నాది. ఈ కేసు చదివే తోటి డాక్టర్లకి నేను ముందు చెప్పుకోవాల్సింది ఇదే: అరవై దాటిన మనిషిలో ఎంసీవీ ఎక్కువుండి, బీ12తో కదలకపోతే స్మియర్ మీరే చూడండి, రిపోర్టులో ‘మాక్రోసైటిక్ అనీమియా’ అన్న రెండు మాటలతో సరిపెట్టుకోవద్దు.

చెన్నైలో నాకు తెలిసిన హెమటాలజిస్టు, అంటే రక్తం జబ్బుల డాక్టరు దగ్గరికి పంపాను. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, మూలుగ పరీక్ష చేయించుకుని, మర్నాడు తిరిగొచ్చారు. రిపోర్టు జనవరి మొదటి వారంలో వచ్చింది. ఎముక మూలుగ నిండుగా ఉంది, ఎర్రకణాల వరస అంతా వంకర టింకరగా ఉంది, ఇంకా ఎదగని పిల్లకణాలు, అంటే బ్లాస్టులు 3 శాతం, లోపల ఐరన్ ఉంగరంలా పేరుకున్న కణాలు, అంటే రింగ్ సిడెరోబ్లాస్టులు లేవు, క్రోమోజోములు నార్మల్. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్, మేం పొట్టిగా ఎండీఎస్ అంటాం. జబ్బు ఎంత ప్రమాదకరమో కొలిచే పాత ఐపీఎస్‌ఎస్ లెక్కలో ఇంటర్మీడియట్-1, సవరించిన లెక్కలో 3.5 మార్కులు, అదీ ఇంటర్మీడియట్ కిందికే వస్తుంది. రక్తంలో ఎరిత్రోపోయిటిన్ 720. ఈ చివరి అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దాని చుట్టూనే తిరిగింది.

‘ఇది క్యాన్సరేనా సార్?’ అని కోడలు గుమ్మం దగ్గర నిలబడి, మామగారికి వినపడకుండా అడిగింది. రక్తం క్యాన్సర్ల జాబితాలోదే తల్లీ అన్నాను. కానీ లోపలికి పిలిచి పెద్దాయనకే నేరుగా చెప్పాను, ఎందుకంటే రేపటి నుంచి ప్రతి రెండు వారాలకీ సూది గుచ్చించుకోవాల్సింది ఆయనే. పొగాకు నారుమడి లెక్కన చెప్పాను: మడి నిండా నారు కనపడుతోంది పెద్దాయనా, విత్తనం మొలుస్తోంది, కానీ నాటు వయసుకి రాకముందే మొక్క మడిలోనే కుళ్లిపోతోంది, అందుకే లోపల మూలుగ కిక్కిరిసి ఉన్నా బయట ఒంట్లో రక్తం లేదు. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగారు: ‘ముప్పై ఏళ్లు చేలో పురుగుమందు కొట్టినా గదా సామీ, దానివల్ల వచ్చిందా?’ బెంజీన్ లాంటి కొన్ని రసాయనాలకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని తెలుసు, కానీ ఫలానా మనిషికి ఫలానా డబ్బా వల్లే వచ్చిందని ఏ పరీక్షా చెప్పలేదు, వయసు పెరిగేకొద్దీ మూలుగ కణాల్లో పోగయ్యే మార్పులే ఎక్కువ మందిలో కారణం అని చెప్పాను. ఆయన తనని తాను తిట్టుకుంటూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు 720 సంగతి. ఎరిత్రోపోయిటిన్ అంటే రక్తం చెయ్యమని కిడ్నీ మూలుగకి పంపే కబురు. అది తక్కువుంటే బయట నుంచి ఇంజెక్షన్ ఇస్తే పనిచేస్తుంది. 500 దాటిందంటే కిడ్నీ ఇప్పటికే గొంతు చించుకుని అరుస్తోందన్నమాట, ఇంకో గొంతు కలిపితే ఒరిగేది చాలా తక్కువ. రింగ్ సిడెరోబ్లాస్టులు లేవు కాబట్టి లస్పాటర్‌సెప్ట్ అనే మందు మీద పెద్ద ఆశ పెట్టుకోలేం. ఐదో క్రోమోజోములో ముక్క పోయి ఉంటే లెనాలిడొమైడ్ అనే మందు చక్కగా పనిచేసేది, అదీ లేదు. మిగిలింది రక్తం ఎక్కించడం. పదహారు, పద్దెనిమిది రోజులకోసారి రెండేసి యూనిట్లు. ఊళ్లో కుర్రాళ్లు బైకుల మీద వచ్చి ఇచ్చారు, అది నిజంగా గొప్ప విషయం, కానీ ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లోకి చేరుతుంది, బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. దానికి తోడు నాకన్నా ముందు ఎక్కించిన ఐరన్ ఒకటి.

సంక్రాంతి సెలవులకి మనవడు వచ్చాడు. నెల్లూరులో బీఫార్మసీ మూడో సంవత్సరం. ఫోన్‌లో వీడియో చూపించాడు, రష్యా వాళ్లు క్యాన్సర్‌కి ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్ కనిపెట్టారట, ఉచితంగా ఇస్తారట, తాతకి తెప్పించలేమా అని. 2024 డిసెంబరులో ఆ ప్రకటన వచ్చిన మాట నిజమే, కానీ ప్రకటన వేరు, మనిషి మీద పనిచేసిందని చూపించే లెక్క వేరు. ఆ కుర్రాడు విసుక్కోదగ్గ ప్రశ్న అడగలేదు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో చేసే న్యూక్లిక్ యాసిడ్ మందులు అని క్లాసులో చదివిన పాఠం వాళ్ల తాత ఒంట్లో ఎక్కడ పనికొస్తుందో తెలుసుకోవాలనుకున్నాడు. ఆ సాయంత్రం ఓపీ అయ్యాక గంటసేపు కూర్చున్నాం.

మామూలు కీమో మందు కణం మీద పడి కొడుతుంది. న్యూక్లిక్ యాసిడ్ మందు కణం రాతని చదువుతుంది, అదీ తేడా. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ నాలుగేసి అక్షరాల రాత. ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్కలో అక్షరాల వరస మనకి తెలిస్తే, దానికి సరిగ్గా జత కుదిరే వరసని ల్యాబ్‌లో తయారుచేసి లోపలికి పంపితే అది వెళ్లి అక్కడే అతుక్కుంటుంది, ఆ ఆర్‌ఎన్‌ఏ పని ఆగిపోతుంది. ఇలా చెయ్యొచ్చని మొదట చూపించింది 1978లో, అమెరికాలో జామెక్నిక్, స్టీఫెన్‌సన్ అనే ఇద్దరు, కోళ్లలో గడ్డలు తెచ్చే రౌస్ సార్కోమా వైరస్ మీద. వాళ్లు వాడిన ముక్క పొడవు 13 అక్షరాలు. ఆలోచన పుట్టిందే క్యాన్సర్ తెచ్చే వైరస్ దగ్గర, అయినా క్యాన్సర్‌లో మాత్రం ఈ మందులు ఏళ్ల తరబడి ఎదురుదెబ్బలే తిన్నాయి. బీసీఎల్-2 అనే, కణాన్ని చావకుండా కాపాడే ప్రోటీన్ మీద గురిపెట్టిన 18 అక్షరాల ఒబ్లిమర్సెన్‌ని మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 771 మంది పేషెంట్ల మీద చూశారు, 2004లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ ఆ ఫలితం చాలదని తేల్చింది. గురి తప్పు కాదు, గురి దగ్గరికి చేరడమే కష్టం. రక్తంలో ఎంజైములు ముక్కలు చేస్తాయి, కిడ్నీ వడకట్టేస్తుంది, కణంలోకి దూరినా ఒక సంచిలో చిక్కుకుపోయి బయటికి రాలేదు. చిన్న ఆర్‌ఎన్‌ఏలతో జన్యువు నోరు మూయించే మందుల్లో మొదటిది 2018లో వచ్చింది, ఆ జాతి మందులన్నీ దాదాపుగా లివర్‌లో తయారయ్యే వాటి మీదే పనిచేస్తాయి, ఎందుకంటే చక్కెర తోకో కొవ్వు బుడగో తగిలించి లివర్‌కి చేర్చే దారి దొరికింది. ఎక్కడో ఊపిరితిత్తిలోనో పేగులోనో ఉన్న గడ్డకి అంత మంచి దారి ఇంకా దొరకలేదు.

ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్ది వేరే లెక్క, అది గడ్డని వెతుక్కుంటూ పోనక్కర్లేదు, మన రోగనిరోధక కణాలకి గడ్డ ముఖం ఎలా ఉంటుందో నేర్పితే చాలు. మోడెర్నా, మెర్క్ కలిసి చేసిన దానిలో ఒక్కో పేషెంటు గడ్డని విడిగా చదివి 34 దాకా గుర్తులు ఎంచి, ఆ మనిషి కోసమే వ్యాక్సిన్ తయారుచేస్తారు. ఆపరేషన్ అయిన మెలనోమా వాళ్లు 157 మందిలో చూస్తే, ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇచ్చిన వాళ్లలో ఏడాదిన్నరకి 62 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు, వ్యాక్సిన్ కూడా కలిపిన వాళ్లలో 79 శాతం. మంచి ఫలితమే, పెద్ద ట్రయల్స్ నడుస్తున్నాయి. కానీ ఆ జబ్బు చర్మానిది, తాతది మూలుగది, ఆ వ్యాక్సిన్ ఈ జబ్బుకి కాదు అని చెప్పేసరికి వాడి ముఖం వాడిపోయింది.

అప్పుడు ఇమెటెల్‌స్టాట్ గురించి చెప్పాను. ఇది చెప్పాలా వద్దా అని నేను రెండు రోజులు ఆలోచించుకున్న మాట నిజం. ఎందుకంటే న్యూక్లిక్ యాసిడ్ మందుల్లో ఈ పెద్దాయనకి అచ్చంగా అతికినట్టు సరిపోయేది అదొక్కటే.

పశువుకి కట్టే పలుపు ఉంటుంది, కొస ముడి ఊడితే పురి విడిపోతూ వస్తుంది. మన క్రోమోజోముల కొసలకీ అలాంటి ముడి ఉంటుంది, టెలోమియర్ అంటారు, కణం రెండుగా చీలిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది, ఒక హద్దు దాటాక కణం చీలడం మానేస్తుంది. చెడిపోయిన కణం మాత్రం టెలోమరేజ్ అనే ఎంజైముని పట్టుకుని కొసని తిరిగి పేనుకుంటూ ఉంటుంది. ఈ టెలోమరేజ్ పేనడానికి నమూనాగా తనలోనే ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క పెట్టుకుని తిరుగుతుంది. ఇమెటెల్‌స్టాట్ సరిగ్గా ఆ నమూనా మీద కూర్చుంటుంది. దాని పొడవు కూడా 13 అక్షరాలే, 1978 నాటి ముక్కంత. కణంలోకి దూరడానికి వీలుగా ఒక కొవ్వు తోక తగిలించారు. 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది: తక్కువ లేదా ఇంటర్మీడియట్-1 రిస్క్ ఎండీఎస్ ఉండి, ఎనిమిది వారాల్లో నాలుగు యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ రక్తం పడుతూ, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లకి లొంగని లేదా అవి పనికిరాని వాళ్లకి. మా పెద్దాయనకి ఎనిమిది వారాల్లో ఏడు యూనిట్లు, ఎరిత్రోపోయిటిన్ 720. ప్రతి గడీ నిండింది.

ఫలితం కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ట్రయల్‌లో మందు తీసుకున్న 118 మందిలో 47 మంది కనీసం ఎనిమిది వారాలు రక్తం లేకుండా గడిపారు, మందు లేని ఉత్తి డ్రిప్ తీసుకున్న 60 మందిలో 9 మంది. ఆరు నెలల లెక్కన చూస్తే 33 మంది, ఇటు ఇద్దరు. అంటే పదిమందిలో నలుగురికి ఊరట, ఆరుగురికి లేదు. దానికి మూల్యంగా మూడింట రెండొంతుల మందిలో న్యూట్రోఫిల్స్ బాగా పడిపోయాయి, ప్లేట్‌లెట్లూ అంతే. నాలుగు వారాలకోసారి రెండు గంటల డ్రిప్, మొదటి రెండు సైకిళ్లు, అంటే విడతలు, ప్రతి వారం రక్త పరీక్ష. మన దేశంలో మందుల షాపులో దొరికేది కాదు, పేషెంటు సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే ఫారం 12ఏలో కేంద్రానికి దరఖాస్తు పెట్టి 12బీ పర్మిట్ తీసుకోవాలి. ఆ కాగితాల పని నేను చేసి పెడతానన్నాను. ఖర్చు మాత్రం ఒక్కో డోసుకి లక్షల్లో, పనిచేసినన్నాళ్లూ ఆపకుండా ఇవ్వాలి. కొడుకు రెండెకరాలు అమ్ముతానన్నాడు. పెద్దాయన ఆ మాట పూర్తి కానివ్వలేదు. ‘పదిమందిలో నలుగురికి అంటున్నాడు గదరా డాక్టరు, ఆ నలుగురిలో నేను లేకపోతే చేనూ పోయె, నేనూ పోతి’ అన్నారు. నేను ఆ రోజు ఆయనకి ఎదురు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పను.

చెన్నై డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడి అజాసిటిడిన్ అనే పాత మందు మొదలుపెడదామనుకున్నాం. ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఇమెటెల్‌స్టాట్ పెద్ద ట్రయల్‌లోకి తీసుకున్నది అంతకు ముందు అజాసిటిడిన్ లాంటి మందులు తీసుకోని వాళ్లని. అంటే ఇప్పుడు ఇది ఇస్తే, రేపు ఏ కారణం చేతనైనా ఆ మందు చేతికందినా, ఆ 47 మంది లెక్క ఈయనకి అలాగే వర్తిస్తుందని చెప్పలేం. ఈ మాట కుటుంబానికి ముందే చెప్పి, వాళ్లు విన్నాకే సంతకం తీసుకున్నాను.

అజాసిటిడిన్‌ని న్యూక్లిక్ యాసిడ్ మందుల పట్టికలో రాయరు, అది వరస కాదు, ఒకే ఒక్క అక్షరం. కానీ నా దృష్టిలో ఆ మందుల కుటుంబానికి అది పెద్దన్న లాంటిది. 1964లో ప్రాగ్‌లో తయారుచేశారు, ఎండీఎస్‌కి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2004లో. సైటిడిన్ అనే అసలు అక్షరానికి నకలు, ఐదో స్థానంలో కార్బన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ ఉంటుంది, అంతే తేడా. కణం దాన్ని సొంత అక్షరమే అనుకుని రాతలో కలిపేసుకుంటుంది. మామూలుగా ఆ అక్షరం నెత్తిన మిథైల్ అనే గుర్తు తలకట్టులా పెట్టి కొన్ని జన్యువుల్ని మూసేసే ఎంజైమ్ ఒకటి ఉంది, ఎండీఎస్‌లో మూయకూడని వాటిని కూడా అది మూసేసి ఉంటుంది. ఈ నకిలీ అక్షరానికి తలకట్టు పెట్టబోతే పెట్టే చోటు లేదు, ఎంజైమ్ అక్కడే ఇరుక్కుపోతుంది. కణాలు చీలుతూ పోయేకొద్దీ గుర్తులు తగ్గి మూసిన జన్యువులు మెల్లగా తెరుచుకుంటాయి. మెల్లగా అన్న మాటే ముఖ్యం. నాలుగు నుంచి ఆరు సైకిళ్లు చూడకుండా పనిచెయ్యలేదని తీర్పు ఇవ్వకూడదు. జెనెరిక్ మందు ఉంది, పొడి సీసా మామూలు గది వేడిలో ఉంచుకోవచ్చు, కరెంటు పోతుందని భయం లేదు, చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ కాబట్టి కావలిలోనే ఇవ్వొచ్చు.

బరువు 48 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు, శరీర ఉపరితలం 1.46 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 75 చొప్పున 109 మిల్లీగ్రాములు చిల్లర వస్తుంది. సీసా 100. పది శాతం లోపు తేడాకి రెండో సీసా విప్పడం అనవసరం అనుకుని 100 దగ్గర ఆగాం. రోజుకొకటి, ఐదు రోజులు, 28 రోజులకోసారి. 2025 ఫిబ్రవరి 10న మొదలుపెట్టాం.

ఈ ఇంజెక్షన్ ఇవ్వడం దగ్గర కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే చిన్న ఊళ్లలో ఇచ్చేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. సీసాలో నాలుగు ఎంఎల్ స్టెరైల్ వాటర్ వేసి రెండు అరచేతుల మధ్య గట్టిగా దొర్లించాలి, తేటగా కరగదు, పలచటి సున్నపు నీళ్లలా మబ్బుగానే ఉంటుంది, అలా ఉండాలి కూడా. మామూలుగా మేం మందు తేటగా లేకపోతే పారేస్తాం కాబట్టి మొదటి రోజు మా సిస్టర్ సీసా పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నీళ్లు తగిలిన క్షణం నుంచి మందు విరిగిపోవడం మొదలవుతుంది, గది వేడిలో గంటలోపు ఒంట్లోకి వెళ్లిపోవాలి. అందుకే మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం: మనిషి మంచం మీద పడుకున్న తర్వాతే సీసా మూత తియ్యాలి. ఆటో దారిలో ఉందట, వచ్చేస్తున్నారట అని ముందే కలిపి పెట్టడం లేదు. నాలుగు ఎంఎల్‌ని రెండు సిరంజిల్లో సగం సగం తీసుకుని, ఇచ్చే ముందు మళ్లీ దొర్లించి, మందు అంటిన సూది తీసేసి కొత్త సూది పెట్టి, పొట్టకి ఒకటి తొడకి ఒకటి. మర్నాడు వేరే చోట. సూదికి మందు అంటి ఉంటే చర్మం మీద ఎర్రటి మచ్చ పెద్దదవుతుంది. అరగంట ముందు వాంతుల మాత్ర. ఆ మాత్రా, ఈ మందూ రెండూ మలబద్ధకం చేస్తాయి, పెద్దాయన వాంతి గురించి ఒక్కసారీ చెప్పలేదు గానీ మూడో రోజు నుంచి విరేచనం కాక నరకం చూశారు. రెండో సైకిల్ నుంచి మొదటి రోజే దానికి మందు రాశాం.

మొదటి సైకిల్ పదహారో రోజు జ్వరం వచ్చింది. అది పొగాకు క్యూరింగ్ నడిచే కాలం, వద్దన్నా వినకుండా రాత్రి బ్యారన్ దగ్గరే పడుకున్నారు. ఊళ్లో ప్రాక్టీసు చేసే ఆర్‌ఎంపీ పారాసెటమాల్ ఇచ్చారు, జ్వరం తగ్గింది, మర్నాడు మధ్యాహ్నం 102తో, వణుకుతో తీసుకొచ్చారు. న్యూట్రోఫిల్స్ 420, ప్లేట్‌లెట్లు 61,000. తలుపు దాటిన ముప్పావు గంటలో మొదటి యాంటీబయాటిక్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, రక్తం కల్చర్‌కి తీశాకే. కల్చర్‌లో ఏమీ పెరగలేదు, మూడో రోజుకి జ్వరం వదిలింది, ఆరో రోజు ఇంటికి పంపాం. ఆ ఆరు రోజులూ నాకు టెన్షన్‌తో సరిగా నిద్ర లేదు. ఇమెటెల్‌స్టాట్ ఇచ్చి ఉంటే కూడా ఇదే జరగడానికి ఎంతో అవకాశం ఉంది, అప్పుడు కూడా మందు వేసిన చోటు చెన్నైయో ఇంకోటో అయినా, జ్వరం వచ్చే రాత్రి మాత్రం ఆయన కలిగిరి పక్కనే ఉండేవారు. కొత్త మందు ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు, పదహారో రోజు రాత్రి ఎవరు చూస్తారని ఎవరూ అడగరు. ఆ ఆర్‌ఎంపీకి నేనే ఫోన్ చేశాను. కోప్పడలేదు, ఆయన తనకి తెలిసింది చేశారు. 100.4 దాటితే మాత్ర వెయ్యకముందే నాకు ఫోన్ చెయ్యమని, అర్ధరాత్రి అయినా సరేనని చెప్పాను. ఆ తర్వాత రెండుసార్లు చేశారు, ఒకసారి పన్నెండున్నరకి. రెండో సైకిల్ పది రోజులు ఆలస్యంగా, కౌంట్ లేచాక అదే డోసుతో ఇచ్చాం.

మూడో సైకిల్ అయ్యాక కూడా రక్తం అవసరం అలాగే ఉంది, పదిహేడు రోజులు, పదహారు రోజులు. కొడుకు ఆపేద్దామన్నాడు, దానిలో తప్పేం లేదు, మూడు నెలలు కళ్ల ముందు ఏ మార్పూ లేకపోతే ఎవరైనా అంటారు. నేను వారం వారం అంకెలు రాసుకున్న కార్డు తీసి చూపించాను: ప్లేట్‌లెట్లు ప్రతి సైకిల్ చివర్లో అంతకు ముందుకన్నా కాస్త పైకి వచ్చి ఆగుతున్నాయి, 98 వేలు, తర్వాత 1,21,000. ఈ మందులో చాలాసార్లు హిమోగ్లోబిన్ కన్నా ముందు అవే కదులుతాయి. ఇంకో రెండు చూద్దాం, అప్పటికీ లేకపోతే నేనే ఆపుతానన్నాను. నాలుగో సైకిల్ తర్వాత రక్తానికి రక్తానికి మధ్య ఐదు వారాలు గడిచింది. ఆరో సైకిల్ నాటికి తొమ్మిది వారాలు. ఆగస్టులో ఒక సోమవారం హిమోగ్లోబిన్ 8.4 అని ల్యాబ్ నుంచి వస్తే నేను నమ్మక ఇంకో సీసా తీయించి మళ్లీ చేయించాను, 8.5 వచ్చింది.

ఐరన్ సంగతి కూడా చెప్పాలి. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 1,900 ఉన్నప్పుడు, ఆ ఐరన్‌ని బయటికి పంపే డెఫెరాసిరాక్స్ మొదలుపెట్టాం, పొద్దున పరగడుపున నీళ్లలో కలుపుకుని తాగే మాత్ర, క్రియాటినిన్ ప్రతి నెలా చూస్తూ. ఇప్పుడు 1,430. రక్తం ఎక్కించడం తగ్గాక అది ఇంకా దిగాలి.

ఇది నయం కావడం కాదు. ఈ వయసులో, ఈ ఒంటితో ఎముక మూలుగ మార్పిడి మాట చెన్నై డాక్టరుగారూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అజాసిటిడిన్ పనిచేసినన్నాళ్లే పనిచేస్తుంది, ఆపితే జబ్బు తిరిగొస్తుంది, ఇస్తూ ఉన్నా ఒకరోజు పట్టు సడలుతుంది. ఈ సంగతి పెద్దాయనకి తెలుసు, నెమ్మదిగా రెండు మూడుసార్లు చెప్పాను. చెన్నైలో మళ్లీ మూలుగ పరీక్షకి డిసెంబరులో తేదీ తీసుకున్నాం, బ్లాస్టులు అక్కడే ఉన్నాయా పెరిగాయా చూడాలి. మనవడు నాలుగో సంవత్సరంలోకి వచ్చాడు, ప్రాజెక్టుకి టెలోమరేజ్ తీసుకున్నాడు, ఈ కేసు కాగితం మీద పెట్టమని వాడే నా వెంటపడ్డాడు. వాళ్ల తాత సరేనన్నారు, ఊరి పేరు మాత్రం వద్దన్నారు.

తొమ్మిదో సైకిల్ ఐదో రోజు ఇంజెక్షన్ అయ్యాక మంచం మీద నుంచి తనంతట తనే లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, వచ్చే నెల తేదీ ఎప్పుడని అడిగారు. చెప్పాను. ఆ వారం నారు నాటాలి, కూలీలకి మాట ఇచ్చేశాం, నాలుగు రోజులు వెనక్కి జరపొచ్చా అన్నారు. కౌంట్లు చూశాను. జరపొచ్చు. కార్డు మీద పాత తేదీ కొట్టేసి కొత్తది రాసి ఇచ్చాను, చేలోకి దిగొద్దు, గట్టు మీద నిలబడి చెప్పండి చాలు అని.